పాత ట్రావెలర్ క్యాంపర్: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ తడబడుతోంది, కీలాంగ్‌లో ఆగి ఉన్నాం

చక్రాల ఇల్లు · సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మాది 2004 నాటి టెంపో ట్రావెలర్. డీజిల్, టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) లేదు. స్కూలు బస్సుగా తిరిగిన బండిని కొని, సీట్లు తీయించి, మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు కట్టించుకున్నాం. చలికి తట్టుకోవాలని బయలుదేరే ముందు డీజిల్ హీటరు కూడా పెట్టించాం. నేనూ మావారూ కరీంనగర్ నుంచి లేహ్‌కు బయలుదేరి ప్రస్తుతం హిమాచల్‌లోని కీలాంగ్‌లో ఉన్నాం.

ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ సగం దాటి తొక్కితే బండి ఉన్నట్టుండి బలం కోల్పోతోంది. రెండు మూడు జర్కులు ఇచ్చి, మళ్లీ దానంతట అదే అందుకుంటోంది. చదును రోడ్డు మీద, దిగుడులో ఏ ఇబ్బందీ లేదు. ఐడిల్ చక్కగా ఉంది. ఇంజన్ వేడెక్కడం లేదు.

మండిలో ఒక మెకానిక్ డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు. అక్కడే ట్యాంకు నింపించాం. మనాలీ వరకు బండి కొత్తదానిలా వచ్చింది. పాత డీజిల్‌లో నీళ్లు ఉండి ఉంటాయని అనుకున్నాం. నగ్గర్, మణికరణ్ చూసుకుని అటల్ సొరంగం దాటాక మళ్లీ మొదలైంది. ఇక్కడి మెకానిక్ డీజిల్ పంపు విప్పాలంటున్నాడు. ముందు బారాలాచా కనుమ ఉంది. వెళ్లవచ్చా, వెనక్కి తిరగాలా?

ఘాటు రోడ్డు · సాయంత్రం 7:05

భయపడకండి మేడమ్. ఇది జబ్బు కాదు, ఎత్తు. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో 70 శాతమే. మీ బండికి టర్బో లేదు కాబట్టి గాలి తక్కువ అందుతుంది, పంపు మాత్రం ఎప్పటిలాగే డీజిల్ కొడుతుంది. కాలని డీజిల్ నల్లపొగై బయటికి పోతుంది, బలం తగ్గుతుంది. నేను ఇలాంటి బండిలోనే లేహ్ వెళ్లి వచ్చాను. ఒక గేరు తగ్గించి, కాలు తేలికగా పెట్టి నడపండి. బారాలాచా మీద రెండో గేరులో పాకుతూ పోతుంది, అంతే. అక్కడ తొందరపడేవాళ్లే ఇబ్బంది పడతారు.

నిర్మల్ బొమ్మ · రాత్రి 7:20

అక్కా, ఇప్పుడు అన్ని బంకుల్లోనూ 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా. పాత బండ్ల రబ్బరు పైపులను అది తినేస్తోందని అందరూ అంటున్నారు. దాని వల్ల కావచ్చేమో చూడండి.

మంజీర తీరం · రాత్రి 7:32

తమ్ముడూ, ఈ20 పెట్రోలు సంగతి. ఈవిడది డీజిల్ బండి. ఆ అనుమానం ఇక్కడ పనికిరాదు.

మేడమ్ గారూ, కొన్ని వివరాలు చెప్పండి. జర్క్ ఇచ్చే క్షణంలో పొగ ఏ రంగులో ఉంది? ఈ సమస్య నిజంగా కొండల్లోనే మొదలైందా, అంతకుముందు ఎక్కడైనా కనిపించిందా? మీరు కరీంనగర్ నుంచి అంటున్నారు కాబట్టి ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వెళ్లి ఉంటారు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఎలా ఉంది? ఉదయం మొదటి స్టార్టు ఎలా ఉంటోంది?

ఎత్తు వల్ల బలం తగ్గితే నెమ్మదిగా, ఒకే తీరుగా తగ్గుతుంది. పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోదు. ఘాటు రోడ్డు గారు చెప్పిన శాస్త్రం సరైనదే. ఈ లక్షణం మాత్రం దానికి సరిపోవడం లేదని నాకు అనిపిస్తోంది.

చక్రాల ఇల్లు · రాత్రి 8:10

మావారిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ గుర్తు చేయించాను.

ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నల్లపొగ ఉంది. జర్క్ ఇచ్చినప్పుడు మాత్రం ఆ నల్లపొగ ఆగిపోతోంది. మళ్లీ అందుకునేటప్పుడు కాస్త తెల్లగా వస్తోంది. మహబూబ్ ఘాట్‌లో కూడా ఒకసారి తడబడిందట. గేరు ఆలస్యంగా మార్చడం వల్ల అనుకుని ఈయన నాకు చెప్పలేదు. చండీగఢ్ దాటి కొండలు మొదలయ్యాక ఎక్కువైంది. ఉదయం స్టార్టు సంగతి విచిత్రంగా ఉంది. కొన్ని రోజులు తాళం తిప్పగానే అందుకుంటుంది, కొన్ని రోజులు బ్యాటరీ అయిపోతుందేమో అనేంతసేపు తిప్పాలి. చలి వల్ల అనుకున్నాం. మరి చలి అన్ని రోజులూ ఒకేలా ఉంది కదా.

ఇంకొకటి. మంచం కింద అప్పుడప్పుడు డీజిల్ వాసన వస్తోంది. హీటరు కొత్తది కాబట్టి మొదట్లో అలాగే ఉంటుందని పెట్టినవాళ్లు చెప్పారు.

గుంటూరు గూడ్స్ · రాత్రి 8:25

ఇది అడగాలనే ఉంది. 2004 డీజిల్ బండితో ఢిల్లీ ఎలా దాటారు?

చక్రాల ఇల్లు · రాత్రి 8:31

దాటలేదండీ. ఢిల్లీ చుట్టుపక్కల ఇంత పాత డీజిల్ బండ్లు తిరగకూడదు కదా. గ్వాలియర్ నుంచి జైపూర్, అక్కడి నుంచి సీకర్, హిసార్ మీదుగా అంబాలా చేరాం. దూరమే కానీ ఆ దారి బాగుంది.

పంపు బెంచి · రాత్రి 9:02

అమ్మా, నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు పరీక్షించే బెంచి మీద జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. మీ బండిలో ఉన్నది మైకో పంపు. కంపెనీ పేరు బాష్‌గా మారి చాలా కాలమైంది, మా చేతులకు మాత్రం అది మైకోయే. మొదటి మాట: ఆ పంపును కొండ మీద ఎవరినీ విప్పనివ్వకండి. దాని క్యాలిబ్రేషన్ బెంచి మీద కొలిచి పెట్టేది. స్పానరు పట్టి, చెవితో విని సరిచేస్తానన్నవాణ్ని నమ్మవద్దు. సీలు తెగిందంటే మీ లేహ్ ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. పైగా పంపు పాడైతే చదునులో ఇంత బాగా నడవదు, ట్యాంకు నింపగానే నయం కాదు.

రెండు ప్రశ్నలు. స్టార్టు కష్టమైన రోజుల్లో రాత్రి బండి ముక్కు ఎత్తు వైపు పెట్టారా, పల్లం వైపు పెట్టారా? తడబాటు మొదలైనప్పుడల్లా ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? బాగా ఆలోచించి చెప్పండి. సమాధానం ఇచ్చేవరకు ట్యాంకు మాత్రం నింపకండి.

ఘాటు రోడ్డు · రాత్రి 9:15

ట్యాంకు నింపవద్దంటారేమిటండీ? తాండి బంకు దాటితే తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడ పాత బోర్డే ఉంది. ఆ దారిలో ఎవరైనా మొదట చేసేది ట్యాంకు నింపడమే.

పంపు బెంచి · రాత్రి 9:21

బయలుదేరే రోజు నింపుకుంటారు, క్యాన్లు కూడా నింపుకుంటారు. ఇప్పుడు నింపితే జబ్బు దాక్కుంటుంది. మండిలో జరిగింది అదే. ఫిల్టరు మార్చడం వల్ల నయమైందని ఆ మెకానిక్ అనుకున్నాడు, నిండు ట్యాంకు వల్ల నయమైందని నేను అనుకుంటున్నాను.

చక్రాల ఇల్లు · రాత్రి 9:48

మామయ్యగారూ, మీ ప్రశ్న చదివి ఈయన లేచి కూర్చున్నారు. నగ్గర్‌లో హోటలు పక్కన ముక్కు ఎత్తు వైపు పెట్టాం, ఉదయం చాలాసేపు తిప్పాల్సి వచ్చింది. మనాలీలో నది వైపు దిగుతూ పెట్టాం, వెంటనే అందుకుంది. మణికరణ్‌లోనూ ఎత్తు వైపే ఉంది, అక్కడా కష్టమైంది. ట్యాంకు సంగతీ అంతే. మహబూబ్ ఘాట్ దగ్గర ముల్లు సగానికి కింద ఉంది, ఆదిలాబాద్‌లో నింపించాం. ఇప్పుడు కూడా సగానికి కిందే ఉంది. కీలాంగ్‌లో కొన్నాళ్లు ఉంటాం కాబట్టి బయలుదేరేటప్పుడు వెనక్కి వెళ్లి తాండిలో నింపుదామని వదిలేశాం.

పంపు బెంచి · రాత్రి 10:20

అయితే నా అనుమానం తొంభై పాళ్లు నిజం. మీ బండి గాలి పీలుస్తోంది.

ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగేది ఫీడ్ పంపు. అది ఇంజన్ దగ్గర, మైకో అనే ఆ పెద్ద పంపు పక్కనే ఉంటుంది. ట్యాంకు దగ్గర నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో డీజిల్ తోసుకుంటూ రాదు, లాగితే వస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా సన్నని సందు ఉంటే డీజిల్‌తో పాటు గాలి కూడా లోపలికి వస్తుంది. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. కొంచెం గాలి వస్తే ఫిల్టరులో చేరి, మిగులు డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్ను పైపులోకి పోతుంది, మనకు తెలియదు. ఎక్కువైతే పెద్ద పంపులోకి వెళుతుంది. డీజిల్ నలగదు, గాలి నలుగుతుంది. గాలి ఉన్న గదిలో ఒత్తిడి లేవదు, సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఆ నాజిలు కొట్టదు, ఆ సిలిండరు మిస్ అవుతుంది. అదే మీ జర్కు. అందుకే ఆ క్షణంలో నల్లపొగ ఆగిపోతుంది, ఎందుకంటే కాలడానికి డీజిలే లేదు. మళ్లీ అరకొరగా అందినప్పుడు సరిగా కాలక తెల్లపొగ వస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకంటే, ముక్కు పైకి లేస్తే ట్యాంకు ఇంజను కంటే ఇంకా కిందికి పోతుంది. అంటే ఎక్కువ ఎత్తుకు లాగాలి. అదే సమయంలో మీరు యాక్సిలరేటర్ తొక్కుతారు, ఇంజను ఎక్కువ డీజిల్ అడుగుతుంది. లాగుడు ఎంత పెరిగితే సందులోంచి గాలి అంత దూరుతుంది. ట్యాంకులో మట్టం తగ్గితే లాగాల్సిన ఎత్తు ఇంకొంచెం పెరుగుతుంది. రాత్రి ముక్కు ఎత్తు వైపు పెడితే అదే సందులోంచి గాలి దూరి, పైపులోని డీజిల్ నెమ్మదిగా ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం ఖాళీ పైపును నింపుకోవడానికి అంతసేపు తిప్పాలి.

రేపు ఉదయం హార్డ్‌వేరు దుకాణంలో మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు, అదేనమ్మా, లోపల నీళ్లు కనిపించే పారదర్శక పైపు, ఒక మూర కొనండి. ఫీడ్ పంపులోకి వచ్చే రబ్బరు పైపు తీసి, దాని స్థానంలో ఈ ముక్క పెట్టి క్లిప్పులు బిగించండి. ముక్కు ఎత్తు వైపు ఉండేలా బండి పెట్టి, చక్రాల కింద రాళ్లు వేసి, ఇంజను నడిపిస్తూ రేసు ఇవ్వండి. పైపులో బుడగలు వరసగా పోతుంటే మనం వెతికే దొంగ ట్యాంకు వైపే ఉన్నాడు.

మంజీర తీరం · రాత్రి 10:41

దీనికి తోడు ఇంకో పరీక్ష కూడా చేయండి. శుభ్రమైన 5 లీటర్ల క్యానులో డీజిల్ పోసి, ఫీడ్ పంపు పైపును నేరుగా అందులో ముంచండి. రిటర్ను పైపు కూడా అదే క్యానులోకి పెట్టండి. బుడగలు ఆగిపోతే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్నదంతా అనుమానితమే. క్యానుతో కూడా బుడగలు వస్తే ఫీడ్ పంపు దగ్గరి జాయింటు, వాషర్లు చూడాలి. క్యాను సైలెన్సరు పైపుకు దూరంగా ఉండాలి. ఇది నిలబెట్టి చేసే పరీక్ష, క్యాను పెట్టుకుని రోడ్డెక్కకండి.

ఇంకా ముందు చేయగలిగింది ఒకటి ఉంది. ట్యాంకు మూత వదులు చేసి ఎత్తు ఎక్కి చూడండి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి ఇలాగే తడబడుతుంది. మూత తీయగానే బుస్సుమని చప్పుడు వస్తే అదే కారణం.

చికాగో చలి · రాత్రి 11:15

ఇక్కడ నా దగ్గర పాత స్ప్రింటర్ ఉంది, డాడ్జ్ పేరుతో ఇక్కడ అమ్మినది. దానికీ డీజిల్ హీటరు పెట్టాను. మేడమ్, మీరు చెప్పిన మంచం కింద వాసన గురించి ఎవరూ అడగలేదు. మీ హీటరుకు డీజిల్ ఎక్కడి నుంచి వస్తోంది? సరైన పద్ధతి అయితే ట్యాంకుకు పైన వేరే రంధ్రం చేసి సన్నటి గొట్టం దించుతారు. స్ప్రింటర్‌లో దాని కోసం ట్యాంకు మీద చోటు ముందే ఉంటుంది. తొందరలో పెట్టేవాళ్లు మాత్రం ట్యాంకు దించే ఓపిక లేక, ఇంజనుకు పోయే మెయిన్ పైపును కోసి మధ్యలో మూడు నోళ్ల టీ జాయింటు పెడతారు. హీటరు కిట్లలో వచ్చే ప్లాస్టిక్ టీ ముక్క పెద్ద బండి పైపు లావుకు సరిపోదు. మీ బండిలో టీ ఉందేమో చూడండి. సమస్య హీటరు పెట్టించిన తర్వాతే మొదలైందా?

చక్రాల ఇల్లు · రాత్రి 11:32

అంతకుముందు ఇదే బండిలో అరకు వెళ్లి వచ్చాం. అనంతగిరి ఘాట్ ఒక్క జర్కు లేకుండా ఎక్కింది. ఆ తర్వాతే హీటరు పెట్టించాం. ఉదయం చూసి చెబుతాను. ఇప్పుడు బయట చేతులు కొంకర్లు పోతున్నాయి.

నిర్మల్ బొమ్మ · రాత్రి 11:50

నాకొక సందేహం. సందు ఉంటే డీజిల్ కారాలి కదా? రోడ్డు మీద చుక్క కూడా పడకపోతే ఎవరైనా ఎలా పట్టుకుంటారు?

పంపు బెంచి · ఉదయం 5:40

మంచి ప్రశ్న బాబూ. చాలామంది మెకానిక్‌లు తప్పేది అక్కడే. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ పైపులో ఒత్తిడి బయటికంటే తక్కువ. కాబట్టి బయటి గాలి లోపలికి పోతుంది తప్ప డీజిల్ బయటికి రాదు. ఆపాక, ట్యాంకు నిండుగా ఉండి మట్టం ఆ జాయింటు కంటే పైన ఉంటే అప్పుడు కొద్దిగా చెమర్చుతుంది. అమ్మగారి మంచం కింద వాసన అదే అని చికాగో బాబు పట్టుకున్నాడు. వాసన ట్యాంకు నింపిన రాత్రుల్లోనే వచ్చిందా అని అడగాలి.

ఒక చిట్కా కూడా ఉంది. జాయింట్ల మీద గ్రీజు మందంగా పూసి నడిపి చూడండి. గ్రీజు సందును కాసేపు మూస్తుంది, బుడగలు తగ్గుతాయి. ఏ జాయింటు మీద పూస్తే తగ్గాయో అదే తప్పు చోటు. గ్రీజు పరీక్షకే, వైద్యానికి కాదు.

చక్రాల ఇల్లు · ఉదయం 10:25

దొరికింది!

మొదట ట్యాంకు మూత వదులు చేసి చూశాం, తేడా లేదు. కీలాంగ్ బజారులో లెవెల్ పైపు దొరికింది. ఈయన ఫీడ్ పంపు దగ్గర పెట్టి, బండిని ఊరి పైరోడ్డు మీద ముక్కు ఎత్తి నిలిపి రేసు ఇచ్చారు. ఐడిల్‌లో సన్నటి ముత్యాల్లాంటి బుడగలు. రేసు ఇస్తే పైపులో సగం గాలే. అంత గాలితో ఈ బండి ఇంత దూరం ఎలా వచ్చిందో అర్థం కాలేదు. క్యాను పెట్టి చూస్తే ఒక్క బుడగ లేదు. కాసేపు రేసు ఇచ్చినా ఇంజను గొంతు మారలేదు.

తర్వాత మంచం పలకలు తీశాం. చికాగో చలి గారూ, మీరు చూసినట్టే చెప్పారు. మెయిన్ పైపు కోసి నల్లటి ప్లాస్టిక్ టీ పెట్టారు. దాని కొమ్ము సన్నం, రబ్బరు పైపు లావు. క్లిప్పును బలవంతంగా బిగించడంతో పైపు ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు మడతపడి ఉంది. ఆ మడత దగ్గర వేలు పెడితే నూనె తడి. గ్రీజు పూసి చూస్తే బుడగలు దాదాపు పోయాయి. వాసన కూడా ట్యాంకు నింపిన రాత్రుల్లోనే వచ్చేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇక్కడ ఏ సామాను దొరుకుతుంది, ఏం చేయాలి?

పంపు బెంచి · ఉదయం 10:40

టీ పీకి పారేయండి. మెయిన్ పైపు పాతదైతే ఆ ముక్క అంతా మార్చండి. డీజిల్ తట్టుకునే రబ్బరు పైపే వాడాలి. లెవెల్ పైపు పరీక్షకు సరే, డీజిల్‌లో కొన్నాళ్లకు గట్టిపడి పగులుతుంది, దాన్ని బండిలో వదలకండి. మధ్యలో అతుకు తప్పకపోతే, పైపు లోపలి కొలతకు సరిపోయే ఇత్తడి లేదా ఇనుప జాయింటు పెట్టి, రెండు వైపులా స్క్రూ క్లిప్పులు బిగించండి. హీటరు గొట్టం చివరను మూసేయండి.

తర్వాత గాలి తీయాలి. ఫిల్టరు పైన ఉన్న బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి ప్రైమరుతో కొట్టండి. మొదట నురుగు, తర్వాత బుడగలు, తర్వాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. డీజిల్ వస్తుండగానే స్క్రూ బిగించండి. పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేయండి. ప్రైమరు పిడిని తిరిగి గట్టిగా తిప్పి మూయడం మరవకండి, లేకపోతే అక్కడి నుంచి మళ్లీ గాలి పోతుంది. స్టార్టరును ఒకేసారి ఎక్కువసేపు తిప్పకుండా మధ్యలో చల్లారనివ్వండి. అప్పటికీ అందుకోకపోతే నాజిలు పైపుల నట్లు ఒక్కొక్కటీ కొంచెం వదిలి తిప్పండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ముఖం దూరంగా పెట్టండి, ఆ పైపులో ఒత్తిడి చర్మాన్ని చీల్చేంత ఉంటుంది.

బంజో బోల్టులు (పైపు కొసలను బిగించే, లోపల రంధ్రం ఉన్న బోల్టులు) విప్పితే రాగి వాషర్లు కొత్తవి వేయాలి. దొరక్కపోతే పాతవాటినే మీ గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి చల్లార్చండి. రాగి మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది.

గుంటూరు గూడ్స్ · ఉదయం 11:05

ఆ హీటరు బిగించిన షెడ్డు పేరు పెట్టండి మేడమ్, మిగతావాళ్లు జాగ్రత్తపడతారు.

చక్రాల ఇల్లు · ఉదయం 11:12

పేరు వద్దండీ. వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, వచ్చాక సరిచేస్తామన్నారు. అంతవరకు చాలు.

చక్రాల ఇల్లు · సాయంత్రం 5:50

ఇక్కడి మెకానిక్, నిన్న పంపు విప్పాలన్న ఆయనే, లెవెల్ పైపులో బుడగలు చూసి నవ్వి, తన దగ్గరున్న లారీ డీజిల్ పైపు ముక్క ఇచ్చాడు. ఇనుప జాయింటు కూడా ఆయన డబ్బాలోనే దొరికింది. ఈయన గాలి తీశారు. జిస్పా వరకు వెళ్లి వచ్చాం. ట్యాంకు ఇంకా సగానికి కిందే ఉంది, కావాలనే నింపలేదు. మూడో గేరులో పూర్తిగా తొక్కి చూశాం. నల్లపొగ ఉంది, నెమ్మదిగా ఎక్కుతోంది, జర్కు మాత్రం ఒక్కటీ లేదు.

రాత్రి ముక్కు ఎత్తు వైపు పెడుతున్నాం. ఉదయం స్టార్టు చూశాకే తాండి బంకుకు వెళతాం.

ఘాటు రోడ్డు · సాయంత్రం 6:20

బాగుంది. జర్కు విషయంలో పెద్దాయన మాటే నిజమైంది. ఇప్పుడు మిగిలిన నల్లపొగ మాత్రం నా వాటా, దాన్ని వదులుకోను.

ముందుకు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. బారాలాచా 4,800 మీటర్లకు పైనే, ఆ తర్వాతి తంగ్లాంగ్‌లా కనుమ 5,300 దాటుతుంది. అక్కడ గాలి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. మీ ఇంజను బలం కూడా ఆ మేరకే మిగులుతుంది. గాటా లూప్స్‌లో 21 మలుపులు, వాటిని మొదటి, రెండో గేర్లలోనే ఎక్కండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వచ్చేది పొగే, బలం కాదు. నల్లపొగ మరీ ముద్దగా వస్తే కాలు తేలిక చేయండి, వేగం తగ్గదు చూడండి. మోరే మైదానం దుమ్ము తర్వాత ఎయిర్ ఫిల్టరు ఒకసారి దులపండి. మనుషులకూ గాలి తక్కువే కాబట్టి సర్చూలో రాత్రి ఆగకుండా ఉదయం త్వరగా బయలుదేరడం మేలని నా అభిప్రాయం. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆగి చూద్దామనుకోవద్దు, కిందికి దిగిపోండి.

మంజీర తీరం · సాయంత్రం 6:45

హీటరు గురించి ఒక మాట. అంత ఎత్తులో దానికీ గాలి చాలదు, మసి పడుతుంది. ఎత్తుకు సర్దుబాటు చేసే సౌకర్యం ఉన్న రకమైతే అది వాడండి. దాని పొగగొట్టం బండి బయటికి, కిటికీలకు దూరంగా ఉందో లేదో చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా రాత్రంతా హీటరు వేసి పడుకోవద్దు. జాయింటు ఇలా పెట్టినవాళ్లు పొగగొట్టం ఎలా పెట్టారో నాకు అనుమానమే.

ఒమ్ని బాబు · రాత్రి 8:00

ఇక్కడే అడుగుతున్నాను, క్షమించాలి. నాది కార్బురేటర్ ఒమ్ని క్యాంపర్. శ్రీశైలం ఘాట్‌లో మధ్యాహ్నం ఎండలో ఇలాగే తడబడి ఆగిపోతుంది, అరగంట ఆపితే మళ్లీ వస్తుంది. ఇదీ గాలి పీల్చడమేనా?

పంపు బెంచి · రాత్రి 8:14

కాదు బాబూ. నీది పెట్రోలు, ఇంజను సీటు కిందే ఉంటుంది, వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. లేదా ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి స్పార్కు పోతుంది. ఆగిన వెంటనే ప్లగ్గు తీసి స్పార్కు చూడు. స్పార్కు ఉంటే పెట్రోలు పైపు మీద తడిగుడ్డ వేసి చూడు, గుడ్డ స్పార్కు తీగలకు తగలకూడదు. వేరే చర్చ మొదలుపెట్టి వివరాలన్నీ రాయి, చెబుతాను. ఇక్కడ కలిపితే తర్వాత చదివేవాళ్లకు గందరగోళం.

చక్రాల ఇల్లు · లేహ్ నుంచి, మధ్యాహ్నం 1:30

చేరాం. కీలాంగ్‌లో ముక్కు ఎత్తి పెట్టినా మర్నాడు ఉదయం వెంటనే అందుకుంది. బారాలాచా మీద మా వెనకాల వచ్చిన మోటార్‌సైకిళ్లవాళ్లు మా పొగకు దండం పెట్టి దాటేసి వెళ్లారు. తంగ్లాంగ్‌లా చివరి మలుపులు మొదటి గేరులోనే ఎక్కింది. పాంగ్ దాటాక ముల్లు బాగా కిందికి వచ్చినా తడబడలేదు. పొగగొట్టం చూశాం మంజీర గారూ, అది సరిగానే ఉంది. అయినా అలారం లేదు కాబట్టి హీటరు వాడలేదు, రెండు రజాయిలు కప్పుకున్నాం.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ మీదుగా దిగాలని ఉంది. హీటరు మళ్లీ వాడుకోవాలంటే ట్యాంకుకు రంధ్రం ఇక్కడే చేయించవచ్చా?

పంపు బెంచి · మధ్యాహ్నం 2:10

అక్కడ వద్దమ్మా. ట్యాంకు దించాలి, ఖాళీ చేసి కడగాలి, రంధ్రం చేసినప్పుడు పడే ఇనుప రజను ఒక్కటి లోపల మిగిలినా ఫిల్టరు, ఫీడ్ పంపు కవాటాలు దాకా వస్తుంది. ఇంటికి వచ్చాక చేయించుకోండి. అప్పటివరకు హీటరుకు వేరే చిన్న క్యాను పెట్టుకోండి. క్యాను మంచం ఉన్న గదిలో వద్దు, వెనుక తలుపు అవతల, బయటి పెట్టెలో కట్టండి. మూతకు సన్నటి గాలి రంధ్రం ఉండాలి. ముందు ఆ అలారం కొనండి.

చికాగో చలి · మధ్యాహ్నం 2:35

గొట్టం దించేటప్పుడు ట్యాంకు అడుగు వరకు పోనివ్వకండి, పావు వంతు పైన ఆపండి. హీటరు రాత్రంతా తాగినా ఇంజనుకు పావు ట్యాంకు మిగులుతుంది.